ఎనిమిదో తరగతి తరఫున

(ఊరి పేరు, ఆ ఊరి మనుషుల పేర్లు ఇందులో లేవు. తేదీలు, నియమాలు ఆనాడు అమల్లో ఉన్నవే. దృశ్యాలు, మాటలు మాత్రం ఆ రోజు బడుల్లో ఎన్నికలు సాగిన తీరును బట్టి కూర్చినవి.)

లిస్టు ముందురోజు రాత్రే తయారైపోయింది.

2024 ఆగస్టు 7, బుధవారం. మడకశిర మండలంలో ఒక పల్లె. పెద్దాయన ఇంటి వసారాలో ట్యూబులైటు మినుకు మినుకుమంటోంది. పడమటి గాలికి మంచం మీది కాగితం ఎగిరిపోబోతే ఎవరో దాని మీద సెల్‌ఫోను పెట్టారు. కాగితం నిండా పేర్లు. ఆరో తరగతికి మూడు, ఏడుకు మూడు, అట్లా పది దాకా మొత్తం పదిహేను. తెల్లారితే హైస్కూల్లో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నిక. ఊళ్లో వాళ్లకు అది తల్లిదండ్రుల కమిటీ. పదిహేను మందినీ ఏకగ్రీవం చేసుకున్నాక వాళ్లలోంచి ఛైర్మన్ ఎవరో కూడా పెద్దాయన తేల్చేశాడు. తమ్ముడి కొడుకు. అతని బిడ్డ తొమ్మిదిలో ఉంది.

"అందరికీ చెప్పినారు కదా?"

"చెప్పినామన్నా. ఎనిమిదో తరగతికాడ మాత్రం ఒకామె పోటీకి నిలబడతాందంట. గార్మెంట్స్‌కు పోయే ఆమె. అప్పుడే ఇండ్లిండ్లూ తిరిగొచ్చింది."

పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. వక్క నములుతూ గేటు వైపు చూశాడు.

"మొగుడు యాడ పని చేస్తాడు?"

"మన ట్రాక్టరే కదన్నా తోలేది."

ఆ ట్రాక్టరు తోలేవాడి ఇంట్లో అప్పుడే పొయ్యి వెలిగింది. హిందూపురం ఫ్యాక్టరీ బండి ఆమెను రోడ్డు మీద దింపేసరికి ఎనిమిదైంది. కాళ్లు కడుక్కుని వచ్చి ఎసట్లో రాగిపిండి పోసింది. తెడ్డు తిప్పుతుంటే పొగ కళ్లల్లోకి కొడుతోంది. బయట చెప్పులు విడిచిన చప్పుడు. మొగుడు లోపలికొచ్చి గోడకానుకుని కూర్చున్నాడు.

"అన్న పిలిపించినాడు."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. టీ ఇచ్చినాడు. కూర్చోమన్నాడు." కాసేపాగి అన్నాడు. "వచ్చేటప్పుడు ట్రాక్టరు తాళం అడిగి తీసుకున్నాడు. సర్వీసుకు పంపల్లంట."

తెడ్డు ఆగింది.

మూలన కూతురు చెంబు ఎత్తి గటగటా తాగుతోంది. రెండో చెంబు. మెడ మీద నరం కదులుతోంది. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచీ ఆ పిల్లకు ఇదే వరస. పొద్దున తొమ్మిదికి బడికి పోతే సాయంత్రం నాలుగు దాకా చుక్క నీళ్లు తాగదు. తాగితే పోవాలి. పోవడానికి మరుగుదొడ్డి ఉంది. దాంట్లో నీళ్లు లేవు, తలుపుకు గడియ లేదు. మోటారు కాలిపోయి బోరు దగ్గరే పడుంది. జూలైలో పిల్లకు ఒంటికి పోయాలంటే మంట, ఆ తర్వాత జ్వరం. "నీళ్లు తాగని పిల్లకు ఇదే వచ్చేదమ్మా," అంది ఏఎన్ఎం, మాత్రలు చేతిలో పెట్టి. తల్లి ఒక పూట సెలవు పెట్టి హెడ్మాస్టరు దగ్గరికి పోయింది. ఆయన బీరువాలోంచి రిజిస్టరు తీసి చూపించాడు. 2021 సెప్టెంబరులో ఎన్నికైన కమిటీ. రెండేళ్ల గడువు ఎప్పుడో దాటింది. "కమిటీ తీర్మానం లేకుండా నేను చేసేది తక్కువమ్మా. ఆగస్టులో ఎన్నికలున్నాయి. మీలాంటివాళ్లు రావాలి," అన్నాడు. ఆయన మర్యాదకు అన్నాడో, మనసులోంచి అన్నాడో. ఆమె మాత్రం ఆ మాట ఇంటికి తెచ్చుకుంది.

తెడ్డు మళ్లీ కదిలింది. "నన్ను మానుకోమంటావా?" అని అడిగింది మొగుణ్ని.

అతను కూతురి చేతిలోని చెంబు వైపు చూశాడు. జవాబు చెప్పలేదు.

8వ తేదీ, గురువారం. శ్రావణ శుద్ధ చవితి. సీమలో నాగుల చవితి ఈ నెలలోనే. మబ్బు పట్టింది గానీ వాన లేదు. గాలి మట్టిని లేపి మొహాన కొడుతోంది. ఊళ్లో ఆడవాళ్లంతా తలంట్లు పోసుకుని, కొత్త గాజులు తొడుక్కుని, పళ్లెంలో చిమ్మిలి, చలిమిడి, చిన్న చెంబుతో పాలు పట్టుకుని చెరువు కట్ట కింది పుట్ట దగ్గరికి బయల్దేరారు. ఇటు హైస్కూలు గేటు దగ్గర తొమ్మిదిన్నరకే టేబుల్ వేశారు. ఎన్నిక ఒంటిగంట లోపల ముగియాలి. టీచరు ఆధార్ చూసి, జాబితాలో పేరు వెతికి లోపలికి పంపుతున్నాడు. బిడ్డకు ఒక ఓటు. తల్లయినా వేయొచ్చు, తండ్రయినా వేయొచ్చు. ఆ పొద్దు వచ్చినవాళ్లలో ఎక్కువ మంది తండ్రులే.

ఆమె ఉపవాసం. చీకటితోనే పుట్టకు పోయి పాలు పోసి వచ్చింది. ఫ్యాక్టరీకి సెలవు. ఆ రోజు కూలీ పోయినట్టే. ఎనిమిదో తరగతి గదిలో బెంచీ మీద కూర్చుని తలలు లెక్కబెట్టింది. తరగతిలో పిల్లలు 38 మంది. సగం మంది తల్లిదండ్రులు వస్తేనే కోరం. అంటే 19. పదిన్నరకు గదిలో ఉన్నది 18 మంది. వాళ్లలో తనకు చెయ్యెత్తేది ఆరుగురు.

"ఒక్కరొస్తే సరిపోతుంది సార్. చెలకలో ముసలాయన ఉన్నాడు, మనవడు ఎనిమిదే. పిలుచుకొస్తాం," అన్నాడు కిటికీ దగ్గర నిలబడ్డవాడు. బయట మోటారుసైకిలు స్టార్టయింది.

ముసలాయన వస్తే 19. ఎన్నిక మొదలవుతుంది. 13 చేతులు అటు, ఆరు ఇటు. పది నిమిషాల్లో అయిపోతుంది. తనకు మాటిచ్చిన పది మంది ఆడవాళ్లూ పుట్ట దగ్గరున్నారు.

ఆమె లేచింది. చెప్పులు కూడా వేసుకోలేదు. గేటు దాటాక పరుగే.

పుట్ట చుట్టూ పసుపు, కుంకుమ, తడిసిన మట్టి వాసన. వేపచెట్టు చుట్టూ ఒకామె దారం తిప్పుతోంది. పిల్లలు చిమ్మిలి కోసం చేతులు చాపుతున్నారు. ఆమెను చూడగానే ఒకరిద్దరు తలలు తిప్పుకున్నారు.

"పాలు పోసినారు కదా అక్కా, బిరీన రాండి. ఇంకా మొదలు కాలేదు."

"మా ఆయప్ప వద్దన్నాడమ్మా," అంది ఒకామె మెల్లగా. "ఆయప్పే పోతాడంట, పోలే మరి."

"ప్రసాదం పంచల్ల కదా."

"పెద్దాయనతో మనకేంటికి?"

గాలికి దీపం ఆరింది. ఎవరూ వెలిగించలేదు. ఊపిరందక ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. బతిమాలడం ఆమెకు చేతకాదు. "మీ పిల్లలు ఇంటికొచ్చినాక ఎన్ని చెంబులు తాగుతాండారు?" అని మాత్రం అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రశ్నకు ప్రతి ఇంట్లోనూ జవాబుంది. అవతలి గట్టు నుంచి, కర్ణాటక పక్క నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చిన ఒకామె పళ్లెం మీద కొంగు కప్పింది. "నడీరి అక్కా," అంది.

ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక చంకలో బిడ్డతో ఇద్దరు, మొగుడు వద్దన్నాడన్న ఆమె కూడా చివరికి చెంబు పుట్ట దగ్గరే బోర్లించి, పసుపు పాదాలతో, తడి జుట్టు ముడి వేసుకుంటూ, పళ్లాలు ఎత్తి పట్టుకుని, చెరువు కట్ట మీద ఎదురుగాలికి కొంగులు పళ్ల మధ్య బిగించి, చెనిక్కాయ చేలో కలుపు తీస్తున్న కూలీలు నడుం ఎత్తి చూస్తుండగా, ఒకరి వెనక ఒకరు బడి వైపు నడిచారు, నడక కాస్తా పరుగైంది. గేటు కనిపించింది. దాని ముందు మోటారుసైకిలు అప్పుడే ఆగుతోంది.

ముసలాయన దిగాడు. లోపలికి పోయాడు. పంతొమ్మిది.

"కోరం వచ్చింది సార్, మొదలుపెట్టండి," అన్నారు లోపల.

హెడ్మాస్టరు కిటికీలోంచి బయటికి చూశాడు. గేటు దగ్గర పది మంది ఆడవాళ్లు ఆధార్ కార్డులు రవికెల్లోంచి, పర్సుల్లోంచి తీస్తున్నారు. ఆయన గడియారం చూసుకున్నాడు. పదకొండు కావడానికి ఇంకా ఐదు నిమిషాలు.

"వచ్చినవాళ్లను రానివ్వండి. తర్వాత తలుపు వేద్దాం."

ఇప్పుడు 29 మంది. లెక్క మారింది. కానీ లెక్క చేతుల్లో ఉంది, ఆ చేతులు లేవాలి.

మే 13న ఇదే బడిలో అసెంబ్లీకి ఓటేసినప్పుడు ఈవీఎం చుట్టూ అట్ట అడ్డం ఉండింది. నొక్కింది ఎవరికో ఎవరికీ తెలీదు. జూన్ 4న లెక్క తేలితే మడకశిరలో టీడీపీ తరఫున ఎం.ఎస్.రాజు గెలిచారు, వైసీపీ నుంచి నిలబడ్డ ఉపాధి హామీ కూలీ ఈర లక్కప్ప మీద. తేడా 351 ఓట్లు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవడు ఎటు వేశాడన్న అనుమానం పోలేదు. ఈ గదిలో అట్ట లేదు, మీట లేదు. చెయ్యెత్తితే ఊరంతా చూస్తుంది. రేపు పనికి పిలిచేవాడూ చూస్తాడు. అంతటి ధైర్యం ఎమ్మెల్యే ఎన్నికకు కూడా అక్కర్లేదు.

తరగతికి ముగ్గురు. వాళ్లలో ఇద్దరు ఆడవాళ్లు ఉండి తీరాలి. రెండు పేర్ల దగ్గర గొడవ లేదు. మూడో పేరు దగ్గరే పోటీ. పెద్దాయన మనుషులు నిలబెట్టినామె బెంచీ చివర తల దించుకుని కూర్చుంది. ఆమె బిడ్డా అదే తరగతి. ఆమె బిడ్డా నీళ్లు తాగదు.

ముందు ఆమె పేరు చదివారు. చేతులు ఠక్కున లేచాయి. 13.

తర్వాత ఈమె పేరు.

ఆరు చేతులు లేచాయి. ఏడు. తొమ్మిది. కిటికీ అవతల ఎవరో దగ్గారు. ఎత్తబోయిన ఒక చెయ్యి చెవి సవరించుకుని దిగిపోయింది. హెడ్మాస్టరు పెన్ను పట్టుకుని ఆగాడు. పదకొండు. పన్నెండు. ఫ్యాను లేదు, కరెంటు పోయింది. గదిలో చెమట వాసన, పాల వాసన. పదమూడు.

సమానం. ఎవరూ కదలడం లేదు.

మొగుడు వద్దన్న ఆమె ఒళ్లోని పళ్లాన్ని పక్కామె ఒళ్లో పెట్టింది. చెయ్యెత్తింది. చిమ్మిలి అంటిన వేళ్లు. ఆ వెంటనే ఇంకో రెండు. "పదహారు," అన్నాడు హెడ్మాస్టరు. మళ్లీ లెక్కపెట్టమన్నారు. మళ్లీ లెక్కపెట్టాడు. పదహారే.

అది ఒక తరగతి మాత్రమే. అసలు కుర్చీ ఇంకా మిగిలే ఉంది.

ఈ కుర్చీకి ఇంత పోటీ ఎందుకు? 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంతకు ముందే, 1998లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడి కమిటీలకు ఒక చట్టం చేసింది. చాలా ఊళ్లలో చాలా కాలం అవి సంతకాల కమిటీలే. 2019లో నాడు-నేడు పథకం మొదలై, గోడలకు, ఫ్లోరింగుకు, మరుగుదొడ్లకు వచ్చే డబ్బు కమిటీ ఖాతాలోంచి ఖర్చు కావడం మొదలయ్యాక ఊరి పెద్దల చూపు బడి మీద పడింది. ఈ బడిలోనూ ఒక గది పునాది దగ్గర ఆగిపోయి, కడ్డీలు ఆకాశంలోకి లేచి తుప్పు పడుతున్నాయి. దాని బిల్లులు ఎవరు చూస్తారో, సంతకం ఎవరిదో, అంతా ఒంటిగంటన్నరకు తేలాలి.

ఒకటీ పది. వరండాలో మధ్యాహ్న భోజనం గంట మోగింది. ఉడికిన గుడ్ల వాసన. ఉపవాసమున్న ఆమె స్తంభానికానుకుని నిలబడింది. పెద్దాయన మనిషి ఒకడు పక్కన చేరాడు. గొంతు తగ్గించాడు.

"గెలిచినావులే అమ్మా, సంతోషం. వైస్ ఛైర్మన్ నువ్వే తీసుకో. ఇద్దర్లో ఒకరు ఆడమనిషి ఉండల్లంట కదా, రూలు. ట్రాక్టరు తాళం సాయంత్రానికి మీ ఇంటికొస్తుంది."

గేటు బయట టీ బంకు దగ్గర ఆమె మొగుడు నిలబడి ఉన్నాడు. చేతిలో గ్లాసు. ఇటే చూస్తున్నాడు.

"తాళం ఆయనకియ్యల్ల కదన్నా," అందామె. "నాకేంటికి చెప్తాండావు?"

ఒంటిగంటన్నర. పదో తరగతి గది. పదిహేను మంది సభ్యులు అర్ధచంద్రంగా కూర్చున్నారు. ఆమె మళ్లీ లెక్కపెట్టింది. తరగతికి ఇద్దరు చొప్పున పది మంది ఆడవాళ్లు. మగవాళ్లు ఐదుగురే. పది మందిలో సగానికి పైగా పెద్దాయన లిస్టులోని పేర్లే. కానీ లిస్టు రాసినవాడు వాళ్లను అడిగి రాయలేదు. ఆ సంగతి పొద్దున్నించీ వాళ్ల మొహాల్లో కనిపిస్తూనే ఉంది.

కిటికీలకు మాత్రం మనుషులు వేలాడుతున్నారు. మొగుళ్లు, మరుదులు, ఎవరెవరో. ఒకడు లోపలికి తల పెట్టి పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచాడు. "చెప్పింది గుర్తుంది కదా?"

పేరు పిలిపించుకున్నామె ఏమీ అనలేదు. వేరే మూల నుంచి ఇంకో గొంతు లేచింది. ఏఎన్ఎం. పదవి రీత్యా ఆమె కూడా కమిటీలో ఉంది, ఓటు మాత్రం లేదు. "సార్, సభ్యులు కానివాళ్లు ఇక్కడ ఉండొచ్చా?"

హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచాడు. ఆయన ఈ ఊళ్లో ఉద్యోగం చేసుకోవాలి. అదీ అందరికీ తెలుసు. ఒక నిమిషం నిలబడ్డాడు. తర్వాత గది దాటి, వరండా దాటి, ఆవరణలోకి నడిచాడు. "అందరూ బయటికి రావాలి. నియమం. దయచేసి రావాలి," అంటూ ఒక్కొక్కరి భుజం తట్టి గేటు దాకా సాగనంపాడు. గొణిగారు. ఒకడు అరిచాడు. ఇనప గేటు కర్రుమంది. గడియ పడింది.

ఆయన తిరిగొచ్చి కిటికీ రెక్కలు కూడా దగ్గరికి వేశాడు. గదిలో మసక. గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడడం లేదు.

"ఛైర్మన్ పదవికి రెండు పేర్లు వచ్చాయి," అన్నాడు.

ముందు పెద్దాయన తమ్ముడి కొడుకు పేరు. నలుగురు మగవాళ్లు ఎత్తారు, తనతో కలిపి. ఇద్దరు ఆడవాళ్లు. కాస్త ఆగి మూడో ఆమె. ఏడు.

ఇంకా ఎనిమిది మంది మిగిలారు. వాళ్లు చెయ్యెత్తకుండా కూర్చున్నా కూర్చోవచ్చు. ఏడు ఓట్లకే కుర్చీ పోతుంది.

ఈమె పేరు చదివారు.

ఆమె తన చెయ్యి తనే ముందు ఎత్తింది. పక్కన చూడలేదు. గోడ మీద ప్రపంచ పటం వైపే చూసింది. గాజుల చప్పుడు. ఇంకోవైపు నుంచి మరో గాజుల చప్పుడు. పదో తరగతి పిల్లాడి తండ్రి, పొద్దున్నించీ ఒక్క మాటా మాట్లాడనివాడు, ఐదో మగవాడు, ఎడం చెయ్యెత్తాడు. కుడి చేతికి కట్టుంది. "ఏడు," అన్నాడు హెడ్మాస్టరు. గది వెనక నుంచి ఒక చెయ్యి మెల్లగా, మోచేతి దాకా వచ్చి ఆగింది. పేరు పెట్టి పిలిపించుకున్న ఆమెది.

"ఎత్తినట్టేనా అమ్మా?"

ఆమె చెయ్యి పూర్తిగా చాపింది.

ఎనిమిది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఓడినతను నేల చూపులు చూస్తున్నాడు. గేటు తెరిస్తే ఏం చెప్పాలో అతనికీ తెలియదు. హెడ్మాస్టరు వైస్ ఛైర్మన్ పేర్లు అడగబోతుంటే ఆమె ముందే నోరు తెరిచింది.

"ఆయన్నే పెట్టండి సార్. బండి ఉంది, మడకశిరలో అందర్నీ ఎరుగుదురు. బడికి పనికొస్తారు."

అతను తలెత్తి చూశాడు. ఈసారి పదిహేను చేతులు.

ప్రమాణం చదివించారు. తొలి సమావేశం మొదలైంది. కొత్త రిజిస్టరు, మొదటి పేజీ. హెడ్మాస్టరు లెక్క చెప్పాడు. నూటొకటి నుంచి 250 మంది దాకా పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి 50 వేల గ్రాంటు నిర్ణయమై ఉంది. దాంట్లో కనీసం పదో వంతు శుభ్రతకే ఖర్చు పెట్టాలి. ఆడవాళ్లలో చాలామంది ఆ మాట వినడం అదే మొదటిసారి. "ఇన్నాళ్లూ ఉండిందా సార్, ఆ డబ్బు?" అని ఒకామె అడిగింది. ఆయన పాత రిజిస్టరు ఆమె ముందుకు జరిపాడు.

"మోటారు వైండింగ్, ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు, తలుపులకు గడియలు," రాసుకుంటూ చదివాడు. "ఎప్పటికల్లా?"

"రేపు మెకానిక్‌ను పిలుస్తా," అన్నాడు వైస్ ఛైర్మన్.

"రేపు పంచమి, శుక్రవారం. అంగడి తీయరు," అంది ఆమె. "ఇప్పుడు పోతే ఉంటాడు."

అతను గడియారం చూశాడు. ఆమె వైపు చూశాడు. జేబులోంచి బండి తాళం తీసి లేచాడు. బయట గేటు తెరుచుకున్న చప్పుడు, ఒక్కసారిగా నాలుగైదు గొంతులు, ఏమైందని, ఎవరని. అతను వాళ్లకు ఏం చెప్పాడో లోపలికి వినబడలేదు.

సంతకాలు మొదలయ్యాయి. ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఆమె తన పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాసింది.

"రెండో అంశం?" అన్నాడు హెడ్మాస్టరు.

"మరుగుదొడ్లు కడిగే ఆయా జీతం సార్," అందామె. "ఎన్ని నెలలది ఆగిందో ముందు అది చెప్పండి."